ఎఱ్ఱనాచు: వంటింటి వస్తువు, వైద్యుల ఆశ

వేసవి వచ్చిందంటే పాలు, చక్కెర, ఏలకుల పొడి కలిపి, పలకలుగా కోసి పెట్టే చల్లని "చైనాగ్రాసు" మన యిళ్ళలో పిల్లలకు పండుగ. అంగట్లో తెల్లని పోగులుగానో పొడిగానో దొరికే ఆ పదార్థం పేరులో గడ్డి వున్నదిగాని, నిజానికి అది గడ్డి కాదు. సముద్రంలో రాళ్ళను పట్టుకొని పెరిగే ఎఱ్ఱనాచును వుడకబెట్టి, వడగట్టి, ఆరబెట్టి తీసిన జిగురు అది. తమిళదేశంలో స్థిరపడిన మనవారికి "కడల్‌పాసి" అంటే వెంటనే తెలుస్తుంది. శాస్త్రజ్ఞులు దానిని అగర్ అంటారు.

మన వంటింటిలో పాలను గడ్డకట్టించే ఆ జిగురే, ఆస్పత్రిలో మన నెత్తురులోనో మూత్రంలోనో వున్న రోగక్రిమి యేదో, అది యే మందుకు లొంగుతుందో తేల్చి చెప్పడానికి వైద్యులకు తోడ్పడుతున్నది. ఇంతవరకు సందేహం లేదు. కాని ఇటీవల కొంతకాలంగా సముద్రపు నాచు పొడి, నాచు పాకం, నాచు గుళికలు అంటూ మధుమేహం మొదలు కీళ్ళనొప్పుల దాకా, చివరకు పుట్టకురుపుకు కూడా మందు అని ప్రచారం సాగుతున్నది. పరదేశంలో వున్న కొడుకులు, కోడళ్ళు సీసాలు కొని పెద్దలకు పంపుతున్నారు. పెద్దలు వాడవచ్చునా అని అడుగుతున్నారు. ఇందులో రుజువైన నిజమెంత, ఇంకా ఆశగానే వున్నది యెంత, వట్టి అమ్మకపు మాట యెంత అని వేరుచేసి చూడడమే యీ వ్యాసం పని.

నాచు మందెందుకు కావాలి?

సముద్రపు నాచులో పచ్చవి, గోధుమవన్నెవి, ఎఱ్ఱవి అని మూడు పెద్ద తెగలున్నవి. జాతుల లెక్కలో ఎఱ్ఱ తెగే పెద్దది. సుమారు 7,000 జాతులను ఇంతవరకు గుర్తించారు. వీటికి వేళ్ళు లేవు, పూలు లేవు, కాయలు లేవు. రాతిని పట్టుకొని నిలవడానికి అడుగున ఒక పట్టు మాత్రం వుంటుంది. తిండి అంతా వొంటినిండా నీటినుంచే పీల్చుకుంటవి.

ఎండలోని ఎరుపు వెలుగు నీటి పైపొరల్లోనే యింకిపోతుంది. లోతుకు దిగేది నీలం, ఆకుపచ్చ వెలుగులు. ఆ వెలుగును పట్టి తిండిగా మార్చుకోవడానికి యీ నాచులో ఫైకోఎరిత్రిన్ అనే ఎఱ్ఱని రంగుపదార్థం వున్నది. ఎఱ్ఱనాచు అన్న పేరు అందువల్ల వచ్చింది. గట్టున ఆరబెడితే ఆ రంగు వెలిసిపోతుంది. అంగట్లో మనం చూసే పోగులు తెల్లగా వుండడం అందుకే.

నాచు నిలిచినచోటనే పుట్టి పెరిగే జీవి. చేపలు, నత్తలు మేయడానికి వస్తే పారిపోలేదు. నీటిలోని కోటానుకోట్ల క్రిములు వొంటిమీద స్థావరం వేస్తే దులుపుకోలేదు. అందుచేత తన రక్షణ తానే లోపల తయారుచేసుకుంటుంది. సముద్రపు నీటిలో వున్న బ్రోమిన్, క్లోరిన్ వంటి వాటిని చేర్చి, నేలమీది మొక్కల్లో కనిపించని రసాయనాలను కూడా యీ తెగ వండుకుంటుంది. వేప తనకోసం దాచుకున్న చేదు, మిరియం తనకోసం దాచుకున్న కారం మనకు వుపయోగపడలేదా? అదే తర్కంతో వైద్యశాస్త్రం సముద్రం వైపు చూసింది.

ఒక యిల్లాలి సలహా

ఈ నాచు వైద్యానికి చేసిన మొదటి గొప్ప మేలు మందుగా కాదు, పనిముట్టుగా. ఆ మేలు ఒక గృహిణి వంటింటినుంచి వచ్చింది.

1881వ సంవత్సరం నాటి మాట. జర్మనీలో రాబర్ట్ కాక్ అనే మహావైద్యుడు రోగక్రిములను వేరుచేసి పెంచే విద్యకు పునాదులు వేస్తున్నాడు. అప్పట్లో క్రిములను పెంచడానికి ఎముకలనుంచి తీసిన జెలటిన్ జిగురు వాడేవారు. అది వేసవి వేడికే కరిగి నీరైపోయేది. కొన్ని క్రిములు దానిని తినివేసేవి కూడా. కాక్ ప్రయోగశాలలో పనిచేస్తున్న వాల్టర్ హెసె అనే వైద్యుడు విసిగిపోయి, "నీ జెల్లీలు యింత వేడిలో కూడా గట్టిగా యెట్లా వుంటున్నవి?" అని భార్యను అడిగాడట. ఆమె పేరు ఫానీ హెసె. న్యూయార్కులో పెరిగిన మనిషి. జావాలో వుండి వచ్చిన డచ్చి పొరుగువారి దగ్గర చిన్నతనంలో ఆమె అగర్ సంగతి నేర్చుకున్నది. ఆ రహస్యాన్నే భర్తకు చెప్పింది.

అగర్ గొప్పతనం దాని స్వభావంలో వున్నది. కరగాలంటే దాదాపు 85 డిగ్రీల వేడి కావాలి. ఒకసారి కరిగినది మళ్ళీ గట్టిపడడానికి 40 డిగ్రీల లోపుకు చల్లారాలి. మన వొంటి వేడి 37 డిగ్రీలు. రోగక్రిములు హాయిగా పెరిగేది ఆ వేడిలోనే. ఆ వేడికి అగర్ కరగదు, క్రిములలో చాలామటుకు దానిని తినలేవు. మరుసటి యేడు, 1882లో, క్షయక్రిమిని కనుగొన్నట్టు కాక్ ప్రకటించిన వ్యాసంలో అగర్ ప్రస్తావన వున్నది. సలహా యిచ్చిన యిల్లాలి పేరు మాత్రం లేదు. ఆ దంపతులకు దానివల్ల డబ్బూ రాలేదు. ఈనాటికీ ప్రపంచంలో ప్రతి క్రిమి పరీక్షశాలలోను పళ్ళెంలో అగర్ పోస్తూనే వున్నారు.

రెండవ ప్రపంచ యుద్ధంలో జపానునుంచి సరుకు ఆగిపోగానే యెన్నో దేశాలు తమ తీరాలలో నాచుకోసం వెతికినవి. మన దేశంలో కూడా ఆ రోజుల్లోనే అగర్ తయారీకి ప్రయత్నాలు మొదలైనవి. మళ్ళీ 2015లో మొరాకో దేశం ఎగుమతులకు పరిమితి పెట్టేసరికి ప్రపంచమంతటా ప్రయోగశాలలలో అగర్ కరువు వచ్చింది. ఒక నాచు మీద వైద్యం యెంత ఆధారపడి వున్నదో అప్పుడు మరోసారి తెలిసింది.

జపాను పిల్లల కషాయం

ఇక తిన్న మందు సంగతి. డిజీనియా అనే ఎఱ్ఱనాచును జపానువారు వెయ్యేళ్ళకు పైగా కడుపులో పురుగులకు మందుగా వాడుతూ వచ్చారు. వారి భాషలో దాని పేరు "మకురి". రెండవ యుద్ధం ముగిసిన తరువాత ఆ దేశంలో యేలికపాముల బాధ విపరీతంగా వుండేది. బడులలో పిల్లలను వరుసగా నిలబెట్టి ఆ నాచు కషాయం తాగించిన రోజులను అక్కడి వృద్ధులు ముఖం చిట్లించి తలచుకుంటారు. మన అమ్మమ్మలు పట్టించిన ఆముదం జ్ఞాపకం లాంటిదే అది!

1953లో జపాను శాస్త్రజ్ఞులు ఆ నాచులోనుంచి అసలు పదార్థాన్ని వేరుచేసి చూపారు. దానికి కైనిక్ ఆమ్లం అని పేరు. అది పురుగుల నరాలను, కండరాలను లొంగదీసి, పట్టు తప్పిస్తుంది. పట్టు తప్పిన పురుగు మలంతోపాటు బయటపడుతుంది. ఇది పిట్టకథ కాదు, రుజువైన మందు. తరువాత యింకా మంచి మందులు వచ్చి దాని అవసరం తగ్గింది.

కాని ఆ కథ అక్కడ ఆగలేదు. మన మెదడులో ఒక నరకణంనుంచి మరొక నరకణానికి కబురు మోసే గ్లూటమేట్ అనే పదార్థానికి, కైనిక్ ఆమ్లానికి రూపంలో దగ్గరి పోలిక వున్నది. మితిమీరిన మోతాదు మెదడుకు తగిలితే నరకణాలు రెచ్చిపోయి, మూర్ఛ వచ్చి, కణాలు చచ్చిపోతవి. ఈ గుణాన్నే శాస్త్రజ్ఞులు పనికి పెట్టుకున్నారు. ఎలుకలలో మూర్ఛను పుట్టించి, దానికి విరుగుడు మందులను పరీక్షించడానికి కైనిక్ ఆమ్లం వాడుతున్నారు. మన మెదడులోని ఒక రకం కబురు ద్వారాలకు యీ నాచు మందు పేరే పెట్టారు.

దీనికి అన్నదమ్ముడివంటి మరొక పదార్థం డొమాయిక్ ఆమ్లం. దానినీ 1958లో జపాను ఎఱ్ఱనాచునుంచే తీశారు. అదీ పురుగుల మందే. 1987లో కెనడా తూర్పుతీరంలో ఆల్చిప్పల మాంసం తిన్న వందమందికి పైగా జనం జబ్బుపడ్డారు. కొందరు మరణించారు, కొందరికి జ్ఞాపకశక్తి పోయింది. విచారిస్తే ఆల్చిప్పలలో దొరికింది యీ డొమాయిక్ ఆమ్లమే. అక్కడ దానిని తయారుచేసింది ఎఱ్ఱనాచు కాదు, నీటిలో తేలే కంటికి కనపడని మరొక జీవి. అయితే పదార్థం ఒక్కటే. చిటికెడు మోతాదులో పురుగును పడగొట్టేది, మోతాదు దాటితే మనిషినే పడగొట్టింది. "ప్రకృతిసిద్ధమైనది గనుక హాని లేదు" అనే మాట యెక్కడ విన్నా యీ సంగతి గుర్తు పెట్టుకోవాలి.

ఐర్లండు దగ్గుమందు

ఐర్లండు దేశపు రాతితీరాలలో "ఐరిష్ మాస్" అనే ఎఱ్ఱనాచు పెరుగుతుంది. జలుబు, దగ్గు వస్తే మనం మిరియాల పాలు కాచినట్టు, వారు ఆ నాచును పాలలో కాచి తాగేవారు. దానిలోని జిగురు పేరు కారజీనన్. ఐస్‌క్రీములు, చాక్లెటు పాలు, పళ్ళపొడి ముద్దలు చిక్కగా వుండడానికి యీనాడు దీనిని ప్రపంచమంతా వాడుతున్నారు.

ఆ పల్లెటూరి దగ్గుమందులో కొంత నిజం వుండవచ్చునని శాస్త్రం యిటీవల చెప్పడం మొదలుపెట్టింది. కారజీనన్ అనేది పొడుగాటి చక్కెర గొలుసు. దాని పొడవునా గంధకం కలిసిన గుంపులు వుండి, ఋణవిద్యుత్తు నిండి వుంటుంది. జలుబు తెచ్చే అనేక వైరసులు మన కణాన్ని అంటుకునేముందు కణం పైనున్న యిటువంటి గొలుసులనే ముందుగా పట్టుకుంటవి. ముక్కులో కారజీనన్ పూత వుంటే వైరసు దానికే చిక్కుకొని, కణం దాకా చేరదని వూహ. ఇది క్రిమిని చంపే మందు కాదు, వాకిట్లో పరచిన జిగురుకాగితం వంటిది.

ఐయోటా రకపు కారజీనన్‌తో చేసిన ముక్కుతుంపర మందును 2010లో బ్రిటనులో జలుబు మొదలైన 35 మందిమీద పరీక్షించి ప్రకటించారు. లక్షణాలు కొంత తగ్గినవి. కోవిడ్ మహమ్మారి కాలంలో అర్జెంటీనాలో 394 మంది ఆస్పత్రి సిబ్బందిని రెండు జట్లుగా చేసి, ఒక జట్టుకు యీ తుంపర, రెండవ జట్టుకు మందు లేని తుంపర రోజుకు నాలుగుసార్లు, 21 రోజులు యిచ్చారు. మందు వాడిన 196 మందిలో యిద్దరికి, మందు లేని 198 మందిలో పదిమందికి కోవిడ్ సోకింది. 2021లో యీ ఫలితం వెలువడింది. ఫలితం బాగానే వున్నది. కాని పరీక్షకు వచ్చినవారు కొద్దిమంది, చూసినది మూడు వారాలు. ముక్కుకు కట్టే గుడ్డకూ, టీకాకూ ఇది బదులు అని ఆ వైద్యులెవరూ చెప్పలేదు.

గాజుగొట్టంలో గెలుపు, మనిషిలో వోటమి

ఇదే కారజీనన్ మరొకచోట నేర్పిన పాఠం మరింత విలువైనది. ప్రయోగశాలలో అది ఎయిడ్సు వైరసును కణాలలోకి పోనీయకుండా చక్కగా అడ్డుకున్నది. భర్తను అడిగి వొప్పించే స్వాతంత్ర్యం లేని స్త్రీలు తమను తామే కాపాడుకోగల లేపనం చేతికి వస్తుందని యెందరో ఆశపడ్డారు. దక్షిణాఫ్రికాలో 2004 నుంచి 2007 వరకు 6,202 మంది స్త్రీలతో పెద్ద పరీక్ష జరిగింది. 2008లో ఫలితం తెలిసింది: లేపనంవల్ల హాని లేదు, రక్షణ కూడా లేదు. వాడవలసిన సందర్భాలలో సగంకంటే తక్కువసార్లే దానిని వాడారనీ తేలింది.

గాజుగొట్టంలో గెలిచిన మందు మనిషి వొంట్లో వోడిపోవడం వైద్యచరిత్రలో కొత్త కాదు. కాని వోటమిని దాచకుండా ప్రకటించడమే శాస్త్రానికీ అమ్మకపు మాటకూ తేడా. ఆ పరిశోధన వ్యర్థం కాలేదు. గర్భాశయ ముఖపు పుట్టకురుపుకు కారణమయ్యే పాపిలోమా వైరసును కారజీనన్ గట్టిగా అడ్డుకుంటుందని 2006లో ప్రయోగశాలలో కనుగొన్నారు. కెనడాలో స్త్రీలమీద జరిపిన పరీక్షలో 2019లో మధ్యంతర ఫలితం కొంత ఆశాజనకంగా వచ్చింది. ఆ రోగానికి టీకా వున్నది. ఆడపిల్లలకు అది వేయించడం యీ రోజే మన చేతిలో వున్న పని.

మరొక వింత చూడండి. ఈ కారజీనన్‌నే సూదితో ఎలుక పాదంలోకి యెక్కిస్తే పాదం వాచిపోతుంది. 1962లో అమెరికా శాస్త్రజ్ఞులు దీనినే పద్ధతిగా మార్చారు. వాచిన పాదం యే మందుకు తగ్గుతుందో కొలిచి, నొప్పి, వాపు మందులను వడపోశారు. కీళ్ళనొప్పికి వైద్యులు వ్రాసే ఇండోమెథాసిన్ మందు వంటివి యీ దారినే వచ్చినవి. కడుపులోకి పోయేది వేరు, సూదితో పోయేది వేరు. దారి మారితే గుణమే మారుతుంది.

ఇంకా బడిలోనే వున్న ఆశలు

న్యూజిలాండు తీరాన దొరికిన గ్రిఫిత్సియా అనే సన్నని ఎఱ్ఱనాచునుంచి అమెరికా జాతీయ కాన్సరు సంస్థవారు 2005లో ఒక మాంసకృత్తును ప్రకటించారు. పేరు గ్రిఫిత్సిన్. 121 అమినో ఆమ్లాల చిన్న గొలుసు. వైరసుల పైతొడుగుమీద వుండే చక్కెర గుంపులను పట్టుకొని వాటిని కదలనివ్వదు. ఎయిడ్సు వైరసుమీదా, సార్సు వైరసుమీదా ప్రయోగశాలలో చాలా కొద్ది మోతాదులోనే పనిచేసింది. సముద్రంలో ఆ నాచు బహుకొద్దిగా దొరుకుతుంది గనుక, దాని జన్యువును పొగాకు జాతి మొక్కలో ప్రవేశపెట్టి, ఆ మొక్కల ఆకులనుంచి గ్రిఫిత్సిన్ తీయవచ్చునని 2009లో చూపారు. పొగాకు మనిషికి మేలుచేసే పని ఒకటి దొరికింది!

ఈ కొరత సమస్య చిన్నది కాదు. ఫిలిప్పీన్సులో బటాన్ ద్వీపపు ఎఱ్ఱనాచునుంచి 1992లో హాలోమాన్ అనే పదార్థం తీశారు. పుట్టకురుపు కణాలమీద విచిత్రమైన రీతిలో పనిచేసింది. ఆశపడి మళ్ళీ నాచు తెస్తే ఒకచోట తెచ్చినదానిలో పదార్థం వున్నది, మరొకచోట తెచ్చినదానిలో దాదాపు లేదు. చాలినంత సరుకు లేక పరిశోధన ముందుకు సాగలేదు. ఒకే పేరుగల నాచులో కూడా గుణం స్థలాన్ని బట్టి మారుతుందని దీనివల్ల తెలుస్తున్నది. సీసాలో పోసి అమ్మే నాచుపొడి యే తీరానిదో తెలియనప్పుడు, దాని గుణం తెలుసునని యెవరు చెప్పగలరు?

ఆస్ట్రేలియా తీరాన డెలీసియా అనే ఎఱ్ఱనాచు చుట్టూ అన్నీ పాచిపట్టి వున్నా తాను మాత్రం శుభ్రంగా వుండడం చూసి 1990 దశకంలో అక్కడివారు ఆరా తీశారు. అది క్రిములను చంపడం లేదు. క్రిములు గుంపుకట్టే ముందు ఒకదానికొకటి పంపుకునే రసాయన కబుర్లను చెడగొడుతున్నది. కబురు అందక అవి గుంపు కట్టలేవు. మందులకు లొంగని క్రిములు పెరిగిపోతున్న యీ రోజుల్లో, చంపకుండానే లొంగదీసే యీ వుపాయం ఆలోచించదగినది. ఇది యింకా మందుల దుకాణం దాకా రాలేదు.

మన తీరాల మాట

ఈ నాచు మనకు పరాయిది కాదు. రామేశ్వరం యాత్రకు పోయినవారు పాంబన్ వంతెనమీదినుంచి చూసే మన్నారు సింధుశాఖ, పాక్ జలసంధులే మన దేశంలో ఎఱ్ఱనాచుకు పెద్ద నిలయాలు. అక్కడి బెస్తపల్లెల ఆడవారు తరతరాలుగా నడుముకు సంచి కట్టి, వ్రేళ్ళకు గుడ్డపీలికలు చుట్టుకొని, నీటిలో మునిగి నాచు కోస్తున్నారు. అగర్ తీసే జెలిడియెల్లాను వారు "మరిక్కొళుందు పాసి" అనీ, గ్రాసిలేరియాను "కంజిపాసి" అనీ పిలుస్తారు. ఆ సరుకు చాలామటుకు మధుర చుట్టుపక్కల కర్మాగారాలకు చేరి అగర్‌గా మారుతుంది. నాయకరాజుల కాలంనుంచి మధురలో స్థిరపడిన మన కుటుంబాలు అంగడిలో కొనే పోగులు ఆ స్త్రీల చెమట ఫలితమే కావచ్చు.

ఆ స్త్రీల బ్రతుకు సులభం కాదు. 1986లో ఆ 21 దీవుల ప్రాంతం సముద్ర జాతీయోద్యానం అయింది. పగడపు దిబ్బలకు రక్షణ అవసరమే. కాని తల్లులు, అమ్మమ్మలు కోసిన చోటనే కోతకు అడ్డంకులు వచ్చినవి. నాచును వేరుతో పెరకకుండా పైకొసలే కోస్తే మళ్ళీ పెరుగుతుందని వారికి తెలుసు. ఆ పద్ధతినీ, తోటివారి హక్కునూ నిలబెట్టిన చిన్నపాలెం వనిత లక్ష్మీ మూర్తికి 2015లో సీకాలజీ అనే అంతర్జాతీయ బహుమానం లభించింది.

కారజీనన్ యిచ్చే కప్పాఫైకస్ నాచు మన సముద్రానిది కాదు. కేంద్ర లవణ, సముద్ర రసాయన పరిశోధన సంస్థవారు దానిని 1984లో గుజరాతులోని ఓఖా రేవుకు తెచ్చి, తరువాత మండపం ప్రాంతానికి చేర్చారు. మూడు మీటర్ల వెదురు తెప్పలకు త్రాళ్ళు కట్టి, నాచు ముక్కలను ముడివేసి వదిలితే 45 రోజులలో కోతకు వస్తుంది. ఎన్నో కుటుంబాలకు యిది అన్నం పెట్టింది. అయితే ఆ నాచు తెప్పలు దాటి కురుసడై దీవి దగ్గర పగడాలమీద పాకి వాటిని కప్పివేస్తున్నదని 2008లో శాస్త్రజ్ఞులు హెచ్చరించారు. మందుమొక్కయినా, పరాయి తోటలో కలుపుమొక్కే.

ఆంధ్రతీరంలో విశాఖపట్నపు రాళ్ళమీద యే ఋతువులో యే నాచు పెరుగుతుందో ఆంధ్ర విశ్వవిద్యాలయానికి చెందిన ఉమామహేశ్వరరావు, శ్రీరాములుగార్లు పరిశీలించి, 1964లో ఆంగ్లదేశపు శాస్త్రపత్రికలో ప్రకటించారు. ఒడిషాలో చిలక సరస్సులోను, పడమట కార్వారు, కొంకణపు రాతిగట్లమీదను ఎఱ్ఱనాచులున్నవి. యానాంలో వున్న మనవారికి మాత్రం యీ దృశ్యం అరుదు. గోదావరి ముఖాన బురదనేల, ఒండ్రునీరు. నాచు పట్టుకోవడానికి రాయి కావాలి, పెరగడానికి వెలుగు కావాలి.

ఇంటివారికి కొన్ని మాటలు

ఇంత చెప్పుకున్న తరువాత, ఇంట్లో యేమి చేయాలన్నది మిగిలింది.

అగర్ మంచి వస్తువే. ఎముకల జిగురు కాదు గనుక మడి, ఆచారం గల యిళ్ళలోనూ వాడుకోవచ్చు. మన ప్రేగులు దానిని దాదాపు జీర్ణించుకోలేవు. నీరు పీల్చి వుబ్బి, మలబద్ధకం వున్నవారికి విరేచనం సాఫీ చేస్తుంది. పోగులను నానబెట్టి, పూర్తిగా కరిగేదాకా వుడికించి వాడాలి. పొడిని వూరకే నోట్లో వేసుకొని మ్రింగడం ప్రమాదం. గొంతులోనో ప్రేగులోనో వుబ్బి అడ్డుపడవచ్చు.

మధుమేహం వున్నవారి సంగతి. జపానులో 76 మంది రోగులను పరీక్షించి 2005లో ప్రకటించారు. పథ్యం చేస్తూ రాత్రి భోజనానికి ముందు అగర్ తిన్నవారు, పన్నెండు వారాలలో పథ్యం మాత్రమే చేసినవారికంటే కొంత యెక్కువ బరువు తగ్గారు. కడుపు ముందే నిండడమే దానికి కారణం. అంతేగాని అగర్ మధుమేహాన్ని కుదిర్చే మందు కాదు. దానిలో నాలుగు గరిటెల చక్కెర పోసి తింటే ఆ కొద్ది మేలు కూడా దక్కదు.

గళగ్రంథి జబ్బుకు, అంటే థైరాయిడ్‌కు, మాత్రలు వేసుకునేవారు నాచు పొడులు, నాచు పాకాలు వైద్యుని అడగకుండా ముట్టవద్దు. నాచులో అయోడిన్ వుంటుంది. ఏ సీసాలో యెంత వున్నదో చెప్పలేము. తక్కువైనా, యెక్కువైనా ఆ గ్రంథికి చేటే. నెత్తురు పలుచబడడానికి మందు తీసుకొనే గుండెరోగులూ జాగ్రత్తపడాలి. గంధకం కలిసిన యీ చక్కెర గొలుసులలో కొన్నిటికి నెత్తురు గడ్డకట్టనీయని గుణం వున్నది. మురికినీటి తీరాలలో పెరిగిన నాచు పాషాణం, కాడ్మియం వంటి విషలోహాలను కూడా పీల్చుకుంటుంది. గర్భిణులు, పసిపిల్లల తల్లులు యీ సంగతి మరువరాదు.

ఐస్‌క్రీములోని కారజీనన్ మాట కూడా కొందరు అడుగుతారు. ఆమ్లంతో బాగా విరగగొట్టిన కారజీనన్ జంతువుల ప్రేగుల్లో పుండ్లు చేసిన మాట నిజం. ఆహారంలో వాడేది అది కాదు. పసిపిల్లల పాలపొడిలో కూడా నిర్ణీత మోతాదులో వుంటే భయం లేదని ప్రపంచ ఆరోగ్యసంస్థ, ఆహార వ్యవసాయ సంస్థల నిపుణుల సంఘం 2014లో చెప్పింది. అయినా తిన్నప్పుడల్లా కడుపు నొప్పి, విరేచనాలు అయ్యేవారు మానివేసి చూడడంలో తప్పు లేదు.

ఒక యింటికి సరిపడిన తిండి మరొక యింటికి సరిపడదని మన పెద్దలు అనే మాటకు యీ నాచులోనే ఒక సాక్ష్యం వున్నది. నోరి అనే ఎఱ్ఱనాచును తరతరాలుగా తిన్న జపానువారి ప్రేగులలోని క్రిములు, సముద్రపు క్రిములనుంచి ఒక జన్యువును సంపాదించి, ఆ నాచు చక్కెరలను జీర్ణించగలవని ఫ్రాన్సు శాస్త్రజ్ఞులు 2010లో కనుగొన్నారు. వారితో పోల్చి చూసిన అమెరికావారి ప్రేగులలో ఆ జన్యువు కనిపించలేదు. జపానువారికి మేలు చేసింది గనుక మనకూ అంతే చేస్తుందని లెక్క కట్టడానికి వీలులేదు.

అన్నిటికంటే ముఖ్యమైనది ఒకటి. పుట్టకురుపు గాని, మధుమేహం గాని, మూర్ఛ గాని వున్నవారు, వైద్యుడు యిచ్చిన మందు మానివేసి నాచు సీసా పట్టుకుంటే పోయే కాలం తిరిగి రాదు. ఆ రోగాలకు మొదటి నెలలే విలువైనవి. ఎఱ్ఱనాచులో నిజంగా మందులున్నవి. ఒకటి పురుగుల మందై వెయ్యేళ్ళు పనిచేసింది, ఒకటి జలుబుకు పనికివస్తున్నట్టు కనిపిస్తున్నది, మరికొన్ని యింకా పరీక్షలలో వున్నవి. అవి తేలేదాకా చైనాగ్రాసును చైనాగ్రాసుగానే తిందాం. వచ్చే వేసవికి పది గ్రాముల పోగులు నానబెట్టి, అర లీటరు పాలతో, చక్కెర తగ్గించి చేసి చూడండి. పరదేశంనుంచి సీసా పంపిన అబ్బాయికి మాత్రం, అది వైద్యునికి చూపించి వారి మాట ప్రకారం నడుచుకుంటామని ఒక ముక్క వ్రాయండి.